బరువైన క్యాంపర్‌కి ట్రాన్స్‌మిషన్ కూలర్: ఏది కొనాలి, ఎక్కడ బిగించాలి, ఏది వద్దు

గేజ్ పెట్టుకున్నాక మొదటిసారి ఘాట్ ఎక్కినప్పుడు కింద మలుపు దగ్గర గేర్‌బాక్స్ ఆయిల్ 84 డిగ్రీలు చూపించింది. ముందు ఒక లోడు లారీ, దాని వెనకాల మేము, స్పీడు 20, 25 దాటట్లేదు, రెండో గేరు, మలుపుల్లో ఒకటో గేరు. ఆరో మలుపుకి 100, ఇంకో నాలుగు మలుపులు తిరిగేసరికి 112, పైన చదునుగా ఉన్నచోట పక్కకి తీసి ఆపేసరికి 121. ఇంత జరుగుతుంటే డాష్‌బోర్డులో ఇంజిన్ టెంపరేచర్ ముల్లు మాత్రం ఏమీ ఎరగనట్టు మధ్యలోనే కూర్చుంది. అప్పటిదాకా నాలుగేళ్లు ఆ ముల్లునే నమ్ముకుని బండి నడిపాను మరి.

అందుకే ఈ గేర్‌బాక్స్ ఆయిల్‌ని చల్లబరిచే కూలర్ గురించి ఎవరడిగినా నేను ముందు చెప్పేది ఒకటే, డబ్బా మీద ఎన్ని టన్నులకి అని రాసుందో తర్వాత చూద్దురుగాని, 25 స్పీడులో కొండెక్కేటప్పుడు ఆ కూలర్‌కి గాలి ఎక్కడ్నుంచి వస్తుందో అది చూడండి. హైవే మీద 80లో పోతున్నప్పుడు ఎంత చిన్న కూలరైనా పని చేసేస్తుంది, గాలి దానంతటదే వచ్చి కొడుతుంది కాబట్టి. వేడి బాగా పుట్టేది మాత్రం గాలి లేనప్పుడే, నెమ్మదిగా, బరువు మీద, ఎక్కుడులో. మిగతా ఎంపికంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

అసలు మీ బండికి ఇది అవసరమా అన్నది ముందు తేల్చుకోండి. టార్క్ కన్వర్టర్ ఉన్న ఆటోమేటిక్ అయితేనే ఈ గొడవంతా. మాన్యువల్ గేర్‌బాక్స్ అయితే ఇక్కడే ఆపేయొచ్చు. మాన్యువల్ గేర్‌బాక్స్‌కే క్లచ్చు, గేర్లు మెషీన్ వేసే ఏఎంటీ రకమైనా అంతే, అక్కడ వేడెక్కేది క్లచ్ ప్లేటు, ఆయిల్ కూలర్ పెట్టి లాభం లేదు. ఒకే బండిలో రెండు రకాలూ ఉంటాయి, ఫియట్ డ్యుకాటోనే తీస్కోండి, పాత కంఫర్ట్‌మాటిక్ ఏఎంటీ, తర్వాత వచ్చిన 9 గేర్ల జడ్‌ఎఫ్ కంపెనీ గేర్‌బాక్స్ మాత్రం టార్క్ కన్వర్టర్. లివర్ దగ్గర డి అని రాసుంది కదా ఆటోమేటిక్కే అని కూలర్ కొనేసి తర్వాత పైపులు ఎక్కడ తగిలించాలా అని వెతుక్కున్నవాళ్లు ఉన్నారు, నవ్వకండి, నిజంగానే ఉన్నారు.

వేడి ఎక్కడ పుడుతుందో కూడా ఒక్క ముక్క. టార్క్ కన్వర్టర్ అంటే ఎదురెదురుగా పెట్టిన రెండు ఫ్యాన్ల లాంటిది, ఒకటి తిరిగి ఆయిల్‌ని విసిరితే ఆ దెబ్బకి రెండోది తిరుగుతుంది. రెండూ ఒకే స్పీడులో తిరగవు, ఆ తేడా ఎంతుంటే అంత పవరు ఆయిల్లో వేడిగా మిగిలిపోద్ది. ఇంజిన్ 80 కిలోవాట్లు ఇస్తుంది, కన్వర్టర్ దాంట్లో 85 శాతమే దాటిస్తుంది అనుకోండి, మిగిలిన 12 కిలోవాట్లు ఆయిల్లోకే, అంటే 2 కిలోవాట్ల గీజర్లు ఆరు కలిపి ఆ పది లీటర్ల ఆయిల్లో పెట్టి ఆన్ చేసినట్టు. స్పీడు అందుకున్నాక లోపల లాకప్ క్లచ్ పట్టుకుంటుంది, అప్పుడు రెండు ఫ్యాన్లూ ఒక్కటైపోతాయి, జారుడు ఉండదు, వేడి ఒక్కసారిగా తగ్గుతుంది. క్యాంపర్‌తో సమస్యేంటంటే బరువు ఒకటి, గోడలాంటి ముందు భాగానికి గాలి అడ్డు ఒకటి, ఈ రెండిటి వల్లా ఎక్కుడు మొదలవగానే లాకప్ వదిలేస్తుంది, ఇంకోసారి పట్టుకునే స్పీడు రాదు. లాకప్ లేకుండా 40 నిమిషాలు ఎక్కితే అది పెద్ద పరీక్షే.

నంబర్ల విషయానికొస్తే, సంప్‌లో, అంటే గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో, ఆయిల్ 80 నుంచి 95 మధ్య ఉంటే హాయిగా ఉన్నట్టు. 80 దాటాక ప్రతి 11 డిగ్రీలకి ఆయిల్ ఆయుష్షు సగమవుద్దని గేర్‌బాక్స్ పనివాళ్లు ఎప్పట్నుంచో చెప్పే లెక్క ఒకటుంది, ఇప్పటి సింథటిక్ ఆయిల్స్ దానికంటే కాస్త ఓర్చుకుంటాయి గానీ దారి మాత్రం అదే. 115 దాటితే ఆయిల్ వార్నిష్‌లా మారి వాల్వుల్లో అంటుకోవడం మొదలు, 125 పైన రబ్బరు సీళ్లు గట్టిపడతాయి, 145 దగ్గర క్లచ్ ప్లేట్లే జారిపోతాయి, ఇంక అక్కడ్నుంచి గేర్‌బాక్స్ దింపడమే. డిప్‌స్టిక్ తీసినప్పుడు ఎర్రగా ఉండాల్సిన ఆయిల్ కాఫీ రంగులో ఉండి మాడిన వాసనొస్తుంటే కూలర్ ఆలోచన కొంచెం ఆలస్యంగా వచ్చినట్టే.

కాబట్టి కూలర్ కంటే ముందు గేజ్. కొత్త బండ్లలో చాలావాటికి ఓబీడీ పోర్టులో, అంటే మెకానిక్ కంప్యూటర్ తగిలించి చూసే సాకెట్‌లో, చిన్న బ్లూటూత్ ముక్క పెట్టి ఫోన్లో ఆప్ వేస్తే ట్రాన్స్‌మిషన్ టెంపరేచర్ కనపడుతుంది, సెన్సర్ లోపల ఎలాగూ ఉంటుంది. పాత బండి అయితే సంప్ ప్యాన్‌కో టెస్ట్ పోర్టుకో సెన్సర్ వేయించండి. కన్వర్టర్ నుంచి బయటికొచ్చే పైపు మీద పెట్టేవాళ్లూ ఉన్నారు, తప్పేం కాదు గానీ అక్కడ చూపించే అంకెకి గుండె ఆగిపోద్ది, ఎక్కుడులో ఒక్క నిమిషంలో 130 చూపించి మళ్లీ లాకప్ పట్టగానే దిగిపోద్ది. పైన చెప్పిన నంబర్లన్నీ సంప్ నంబర్లు, రెండూ కలిపేసి కంగారు పడకండి. అలాగే బండిని ఒకసారి వేబ్రిడ్జి ఎక్కించండి, నీళ్ల ట్యాంకు నింపి, గ్యాస్ బండ, సైకిళ్లు, మనుషులు అందరితో సహా. పేపర్ల మీద 3.5 టన్నులు అని ఉన్నది ట్రిప్పుకి బయల్దేరేటప్పుడు ఎంతుంటుందో చూస్తే మీకే అర్థమవుద్ది. వెనక ట్రైలరో చిన్న కారో లాగితే అది కూడా లెక్కలోకే, ఎందుకంటే గేర్‌బాక్స్ లాగేది మొత్తాన్ని.

గేజ్ పెట్టి మీరు మామూలుగా వెళ్లే అత్యంత గట్టి దారి ఒకసారి వెళ్లి రండి. 95 దాటకపోతే మీకు కూలర్ అక్కర్లేదు, ఉన్నది చాలు. దాటితే కూడా ఆర్డర్ పెట్టే ముందు రెండు చూడండి. ఒకటి, ఏసీ కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య సందులో ఏముందో టార్చి వేసి చూడండి. మా బండిలో ఆ సందు నిండా రెక్కల పురుగులు, బురద, ఎండుగడ్డి కలిసి పిడకలా గట్టిపడి ఉన్నాయి, ముందు నుంచి చూస్తే కండెన్సర్ తళతళా మెరుస్తోంది మళ్లీ. రెండు, రేడియేటర్ ఫ్యాను. బెల్టుతో తిరిగే విస్కస్ క్లచ్ ఫ్యాను అయితే అది ముసలిదైపోయి సగం జారుతూ తిరుగుతుందేమో చూపించండి, వేడెక్కినప్పుడు లారీ ఫ్యానులా రొద చేయాలి, మౌనంగా ఉందంటే అనుమానమే. నాకు ఈ రెండూ సరి చేయించడంతోనే 121 కాస్తా 113 అయింది, కూలర్ ఇంకా కొననే లేదు.

సరే, ఇప్పుడు కూలర్లు. మీ బండికి ఇప్పటికే ఒకటి ఉంటుంది, రేడియేటర్ పక్క ట్యాంకులోనో కింద ట్యాంకులోనో దాక్కున్న చిన్న గొట్టం, చుట్టూ ఇంజిన్ నీళ్లు. దీన్ని చాలామంది తేలిగ్గా తీసేస్తారు గానీ నీళ్లు వేడిని లాక్కోవడంలో గాలి కంటే చాలా నయం, పైగా పొద్దున్నే చల్లగా ఉన్న ఆయిల్‌ని త్వరగా వేడి చేసేది కూడా ఇదే. దీని హద్దు ఏంటంటే నీళ్లు 90లో ఉంటే ఆయిల్‌ని 90 కిందకి తేలేదు. మనం కొనేదంతా దీనికి తోడుగా.

అన్నిటికంటే మామూలుది ట్యూబ్ అండ్ ఫిన్. పాములా మెలికలు తిరిగిన ఒకటే గొట్టం, దానికి పల్చటి అల్యూమినియం రెక్కలు. గట్టిది, రాయి తగిలినా తట్టుకుంటుంది, లోపల చెత్త చేరితే ఫ్లష్ చేసి కడిగేయొచ్చు, ఒకటే దారి కదా. కానీ ఆయిల్ గొట్టం మధ్యలోంచి వేడివేడిగా అలాగే జారిపోద్ది, గోడకి తాకినదే చల్లబడేది, అందుకని అదే సైజులో మిగతా రకాలకంటే పని తక్కువ. చలిలో ఆయిల్ చిక్కగా ఉన్నప్పుడు ఆ మెలికలన్నీ తిరిగి రావాలంటే కష్టం కూడా. చిన్న వ్యానుకి, తేలికపాటి ట్రైలర్‌కి చాలు. 5 టన్నుల క్యాంపర్‌కి ఇది పెట్టడం ఏనుగు దాహానికి ఉగ్గుగిన్నె. ఇదే కుటుంబంలో ఛాసిస్ పట్టీ పక్కన బిగించే రెక్కల గొట్టం లాంటివి ఇంకొన్ని ఉన్నాయి, చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, వాటి గురించి ఇంతకంటే చెప్పను.

తర్వాతది ప్లేట్ అండ్ ఫిన్, సన్నటి చదును గదుల్లాంటి దార్లు వరసగా, రెండు పక్కలా ట్యాంకుల్లాంటివి. దీనికంటే పై మెట్టు స్టాక్డ్ ప్లేట్, ప్లేట్లు ఒకదానిమీద ఒకటి పేర్చి అతికించినది, ప్రతి ప్లేటు లోపల ఆయిల్‌ని కెలికే చిన్న చిన్న వంకరలు ఉంటాయి, దాంతో ఆయిల్ అంతా గోడకి తాకుతుంది. ఫోర్డ్ 6.0 లీటర్ల డీజిల్ పికప్‌లకి ఫ్యాక్టరీ నుంచే వచ్చిన 31 వరసల పెద్ద కూలర్‌ని అంతకంటే పాత 7.3 లీటర్ల బండ్లవాళ్లు వెతికి మరీ తెచ్చి పెట్టుకునేది ఇందుకే. ఈ రకంలో కొన్నిటికి లోపలే బైపాస్ దారి ఉంటుంది, ఆయిల్ చల్లగా చిక్కగా ఉన్నప్పుడు ప్లేట్లలోకి దూరకుండా దగ్గరి దారిన వెనక్కి పోద్ది, వేడెక్కి పల్చబడ్డాక ప్లేట్లన్నిటిలోకీ వెళ్తుంది. వాల్వు లేదు, వైరు లేదు, దానికదే సర్దుకుంటుంది, నాకు ఇందులో బాగా నచ్చింది అదే. చెడ్డ గుణం ఒకటే, గేర్‌బాక్స్ ఒకసారి పాడై ఇనప రజను, క్లచ్ పొడి ఇందులోకి వచ్చిందంటే ఎంత కడిగినా మొత్తం రాదు, ఒక దారి మూసుకుపోతే ఫ్లష్ ద్రవం పక్క దార్లోంచి పోద్ది. కాబట్టి గేర్‌బాక్స్ ఓవర్‌హాల్ చేయించినప్పుడు పాత స్టాక్డ్ ప్లేట్ కూలర్‌ని ఉంచమంటే వద్దని చెప్పండి, మెకానిక్ "కడిగేశాను సార్" అన్నా సరే.

మూడోది ఫ్యాను బిగించి వచ్చే రిమోట్ కూలర్. కోర్ దాదాపు స్టాక్డ్ ప్లేటే, వెనక ఎలక్ట్రిక్ ఫ్యాను, రేడియేటర్ ముందు కాకుండా ఛాసిస్ కిందో పక్కనో ఎక్కడైనా పెట్టుకోవచ్చు. నేను మొదట్లో చెప్పిన 25 స్పీడు లెక్కకి సరిగ్గా సరిపోయేది ఇదే, బండి ఆగి ఉన్నా గాలి ఆగదు. ఇంజిన్ వెనక ఉండే పెద్ద మోటార్‌హోమ్‌లకి అయితే ఇంకో ఆలోచనే లేదు, అక్కడ ఎదురుగాలి అనేదే ఉండదు. కానీ ఫ్యాను, రిలే, థర్మోస్టాట్ స్విచ్చు, వైర్లు, ఇవన్నీ బండి కింద నీళ్లలో బురదలో ఉంటాయి, వీటిలో ఏది పోయినా కూలర్ ఉత్త పెట్టె అయిపోద్ది, అదీ చెప్పకుండా. పైపులు కూడా పొడుగు.

లోతైన అల్యూమినియం సంప్ ప్యాన్ గురించి కూడా అడుగుతుంటారు. ఆయిల్ రెండు మూడు లీటర్లు ఎక్కువ పడుతుంది కాబట్టి వేడెక్కడం నెమ్మదిస్తుంది, ఆగదు. చిన్న ఫ్లైఓవర్ ఎక్కి దిగేవాడికి ఉపయోగం, గంటసేపు ఘాట్ ఎక్కేవాడికి ఆ వేడి పావుగంట ఆలస్యంగా వస్తుంది అంతే. డ్రెయిన్ ప్లగ్గు ఉంటుంది కాబట్టి ఆయిల్ మార్చడం సుఖం, దానికోసం పెట్టుకోండి కావాలంటే.

మరి నా ఎంపిక. ఇంజిన్ ముందు ఉండి, రేడియేటర్‌కి మంచి బెల్టు ఫ్యానో గట్టి ఎలక్ట్రిక్ ఫ్యానో ఉండి, గ్రిల్లు వెనక చోటుంటే కళ్లు మూసుకుని స్టాక్డ్ ప్లేట్, పట్టినంత పెద్దది, బైపాస్ ఉన్నది, రేడియేటర్ ముందు. ఎందుకంటే బండి నెమ్మదిగా పోతున్నప్పుడు ఇంజిన్ ఫ్యానే దానికి గాలి లాగి ఇస్తుంది, వేరే ఫ్యాను బాధ లేదు. చోటు లేకపోతేనో, ఏసీ కండెన్సర్ ఇప్పటికే ఇబ్బంది పడుతుంటేనో, ఇంజిన్ వెనక ఉంటేనో ఫ్యాను ఉన్న రిమోట్. ట్యూబ్ అండ్ ఫిన్ మాత్రం బరువు క్యాంపర్‌కి నేను చెప్పను, ఎంత తక్కువలో వచ్చినా సరే. ఒకటి మాత్రం దాచను, కూలర్ రేడియేటర్ ముందు పెడితే ఆ వేడిగాలి వెళ్లి రేడియేటర్‌కే తగులుతుంది, కాబట్టి పెట్టాక ఇంజిన్ టెంపరేచర్ మీద కూడా ఓ కన్నేయాలి. మొత్తం వేడి పెరగదనుకోండి, ఇంతకుముందు ఆయిల్ ద్వారా నీళ్లలోకి పోయేదే ఇప్పుడు గాలి ద్వారా వస్తోంది.

డబ్బా మీది బీటీయూల సంగతి, అంటే ఎంత వేడి లాగుతుందో చెప్పే కొలత. ఒకడు 30,000 అని రాస్తాడు, అంటే గంటకి, మన లెక్కలో దాదాపు 8.8 కిలోవాట్లు. బాగానే ఉంది కదా అనిపిస్తుంది. కానీ ఆయిల్ ఎంత వేడిగా ఉన్నప్పుడు, గాలి ఎంత వేగంతో కొట్టినప్పుడు, నిమిషానికి ఎన్ని లీటర్లు పారినప్పుడు అన్నది రాయడు, ఒక్కో కంపెనీ ఒక్కోలా కొలుస్తుంది. ఒకే కంపెనీ మోడళ్ల మధ్య పోల్చుకోడానికి అయితే పనికొస్తుంది, వేరువేరు కంపెనీల మధ్య అయితే టేపు పెట్టి కోర్ పొడవు, వెడల్పు, మందం కొలుచుకోవడం నయం. మందం కంటే ముఖం పెద్దగా ఉన్నది మంచిది, మందంగా ఉన్నదాంట్లో వెనక రెక్కలకి చేరేది ముందు రెక్కలు వాడేసిన వేడిగాలే.

పైపుల సైజు కూడా అంతే ముఖ్యం, దీన్ని ఎవరూ పట్టించుకోరు. గేర్‌బాక్స్ నుంచి వచ్చే లైను పావు అంగుళమో 3/8 అంగుళమో ఎంతుంటే కూలర్ ముక్కులూ అంతకి తగ్గకూడదు. బరువు బండికి 3/8, అంటే ఏఎన్-6 సైజు కనీసం, పెద్ద గేర్‌బాక్స్‌లకి అర అంగుళం. 90 డిగ్రీల ఎల్బోలు పెట్టుకుంటూ పోతే ఒక్కోటి ఒక్కో బ్రేకు లాంటిది, వీలైనంత వంపుగా తిప్పండి. హోస్ విషయంలో అసలు రాజీ పడొద్దు, పెట్రోల్ హోస్ చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది, సైజూ సరిపోద్ది, కానీ ఈ వేడికి, ఈ ఆయిల్‌కి అది తయారు చేసింది కాదు, కొన్నాళ్లకి గట్టిపడి క్లిప్పు దగ్గర పగులుతుంది. మీద ట్రాన్స్‌మిషన్ ఆయిల్ కూలర్ అని, ఎస్‌ఏఈ జే1532 అని రాసున్నదే తీస్కోండి. ఇనప పైపుని కోసి దానిమీద హోస్ ఎక్కిస్తుంటే, కోసిన చివర నున్నగా ఉంటే ప్రెషర్‌కి హోస్ జారిపోద్ది, చివర్లో చిన్న గట్టు వచ్చేలా ఫ్లేరింగ్ టూల్‌తో పొంగించి అప్పుడు ఎక్కించాలి.

ఏ పైపు ఏదో తెలుసుకోవడం పెద్ద విద్యేం కాదు. పొద్దున్నే బండి పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి బండి కిందకి దూరి (హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకి రాళ్లు పెట్టి, అది మర్చిపోకండి) గేర్‌బాక్స్ దగ్గర రెండు పైపులూ చెరో చేత్తో పట్టుకోండి. ఒకటి రెండు నిమిషాల్లో ఒక చేతికి గోరువెచ్చగా తగలడం మొదలవుద్ది, ఇంకో చెయ్యి ఇంకా చల్లగానే ఉంటుంది. వెచ్చనిది బయటికొచ్చేది, చల్లనిది తిరిగి వెళ్లేది. కొత్త కూలర్ ఆ తిరిగి వెళ్లే పైపులో, అంటే గేర్‌బాక్స్ నుంచి రేడియేటర్, అక్కడ్నుంచి కొత్త కూలర్, అక్కడ్నుంచి వెనక్కి గేర్‌బాక్స్. నీళ్లు తీయగలిగినంత తీశాక మిగిలింది గాలి తీస్తుంది. బాగా చలి ఉండే చోట తిరిగేవాళ్లు వరస తిప్పి కొత్త కూలర్ ముందు, రేడియేటర్ తర్వాత పెడతారు, ఆయిల్ మరీ చల్లబడకుండా చివర్లో నీళ్లు కాస్త వెచ్చబెడతాయి. లేదంటే థర్మోస్టాట్ బైపాస్ ముక్క వేస్కోవచ్చు. మరీ చల్లబడితే ఏమవుద్ది అంటారా, చాలా గేర్‌బాక్స్‌లు ఆయిల్ కాస్త వెచ్చబడేదాకా లాకప్ ఇవ్వవు, ఇంజిన్ ఇంధనం తాగడం ఎక్కువ, గేర్లు మారడం మొరటుగా.

రేడియేటర్‌లోదాన్ని పూర్తిగా వదిలేయాలా వద్దా అన్నదాని మీద కొట్టుకు చస్తుంటారు. వదిలేయమనేవాళ్ల భయం ఉత్తదేం కాదు, ఆ లోపలి గొట్టం తుప్పుపట్టి చిల్లు పడితే నీళ్లు, గ్లైకాల్ వెళ్లి ఆయిల్లో కలిసి గులాబీ రంగు మజ్జిగ అవుద్ది, క్లచ్ ప్లేట్ల మీద అతికించిన పదార్థం ఊడొస్తుంది, రెండు రోజుల్లో గేర్‌బాక్స్ ఖతం. నేనైతే రేడియేటర్ పదేళ్లు దాటితే రేడియేటరే కొత్తది వేయించి లోపలి కూలర్ ఉంచుకుంటాను. పాత రేడియేటర్‌తోనే నడపాలి అంటే మాత్రం దాన్ని వదిలేసి పెద్ద స్టాక్డ్ ప్లేట్ బైపాస్ ఉన్నది ఒక్కటే పెట్టుకోండి.

బిగించడం దగ్గర నా సొంత తెలివితక్కువతనం ఒకటి చెప్తా. మొదటి కూలర్‌తో ప్లాస్టిక్ పుల్లలు వచ్చాయి, కూలర్ రెక్కల్లోంచి, కండెన్సర్ రెక్కల్లోంచి గుచ్చి వెనక బిళ్ల నొక్కేస్తే అయిపోయింది, పది నిమిషాల పని, డ్రిల్లు కూడా అక్కర్లేదు. ఎనిమిది నెలలకి ఏసీ గాలి వేడిగా రావడం మొదలైంది. విప్పి చూస్తే బండి ఊగినప్పుడల్లా ఆ పుల్ల అటూఇటూ రుద్దుకుని కండెన్సర్ గొట్టానికి గీతలా అరిగి సూది మొన అంత చిల్లు. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడటం అంటే ఇదే. తర్వాత రెండు అల్యూమినియం పట్టీలు ఎల్ ఆకారంలో వంచి, పైన రేడియేటర్ అడ్డ పట్టీకి, కింద బంపర్ బ్రాకెట్‌కి బోల్టులు వేసి, మధ్యలో రబ్బరు వాషర్లు పెట్టి కూలర్‌ని వాటికి వేలాడదీశా, కండెన్సర్‌కి వేలెడు సందు వదిలి. ముక్కులు పైకో పక్కకో ఉండాలి, కిందకి పెడితే గాలి బుడగ లోపలే చిక్కుకుని సగం కోర్ ఖాళీగా ఉండిపోద్ది. హోస్ ఎక్కడైనా రేకు అంచు పక్కనుంచి పోతుంటే పాత హోస్ ముక్కని నిలువుగా చీల్చి తొడుగులా వేయండి.

ఫ్యాను రకం అయితే చోటు వెతకడంలోనే సగం పని. సైలెన్సర్ పైపుకి దూరంగా, చక్రం విసిరే రాళ్లకి అడ్డంగా కాకుండా, కింద జాలీ వేసి. గాలి లోపలికి రావడమే కాదు, బయటికి పోవడానికి కూడా దారి ఉండాలి, క్యాంపర్ ఫ్లోరుకి అతికించినట్టు పెడితే అదే వేడిగాలి తిరిగి తిరిగి అక్కడే ఉంటుంది, పైగా మంచం కింద ఫ్లోరు వేడెక్కి రాత్రి పడుకున్నప్పుడు తెలుస్తుంది. థర్మోస్టాట్ స్విచ్చు 80 చిల్లరలో ఆన్ అయ్యేది చాలు. కరెంటు ఇంజిన్ బ్యాటరీ నుంచే తీస్కోండి, ఫ్యూజు బ్యాటరీ పక్కనే, మధ్యలో రిలే, రిలేని ఇగ్నిషన్‌కి కలపండి. లోపల లైట్లకి ఫ్రిజ్‌కి వాడే బ్యాటరీ దగ్గర్లో ఉంది కదా అని దానికి తగిలించేవాళ్లున్నారు, అది రాత్రంతా వాడి పొద్దునకి సగం ఖాళీ అయి ఉంటుంది, ఘాట్ మొదలయ్యేది కూడా పొద్దున్నే. డాష్‌బోర్డులో చిన్న లైటు ఒకటి పెట్టుకోండి ఫ్యాను వైరు నుంచి, తిరుగుతోందో లేదో మీకు తెలియాలి, బండి కింద ఉన్నదాని రొద స్టీరింగ్ దగ్గర వినపడదు.

ఆయిల్ ఏది పోయాలో గేర్‌బాక్స్ చెప్పాలి, షాపువాడు కాదు. డెక్స్రాన్ 6, మెర్కాన్ ఎల్‌వీ, ఏటీఎఫ్ ప్లస్ 4, ఇవి పేర్లు మాత్రమే కాదు, ఒకదాని బదులు ఒకటి పోస్తే గేర్లు జారడమో వణకడమో వస్తుంది. కూలర్, పైపులు కలిపి అర లీటరు నుంచి లీటరు దాకా అదనంగా పడుతుంది. ముందు లెవెల్ సరిచేసుకుని ఇంజిన్ రెండు మూడు నిమిషాలు నడిపి, ఆపి, లీకులు చూసి, మళ్లీ స్టార్ట్ చేసి ఆయిల్ వేడెక్కాక లెవెల్ చూడండి. ఎక్కువ బండ్లకి ఇంజిన్ తిరుగుతుండగా పార్క్‌లో, పాత క్రైస్లర్ గేర్‌బాక్స్‌లు కొన్నిటికి న్యూట్రల్‌లో, డిప్‌స్టిక్కే లేని కొత్తవాటికి ఫలానా టెంపరేచర్‌లో ప్లగ్గు విప్పి చూడటం, మీ మాన్యువల్‌లో ఏదుంటే అది. ఎక్కువ పోసినా ముప్పే, లోపల గేర్లు చిలికి నురగ చేస్తాయి, నురగకి చల్లబడటం రాదు.

తిరిగొచ్చే పైపు గేర్‌బాక్స్‌కి కలపకముందే పారుదల చూసుకునే పాత పద్ధతి ఒకటుంది. ఆ చివర బకెట్లో పెట్టి ఇంకొకర్ని ఐడిల్‌లో స్టార్ట్ చేయమనండి, 20 సెకన్లలో దాదాపు లీటరు పడాలి, సన్నటి ధారలా చుక్కచుక్కగా వస్తే ఎక్కడో మూసుకుంది, ఫిట్టింగో పైపు నొక్కుకుపోవడమో. 20 సెకన్లకి ఆపేయండి, ఎందుకంటే పంపు లోపల ఖాళీ అయిపోద్ది. ఇదే పైపులో అయస్కాంతం ఉన్న చిన్న ఇన్‌లైన్ ఫిల్టర్ కూడా వేయొచ్చు, మూసుకుపోతే దానంతటదే దారి ఇచ్చే బైపాస్ ఉన్నది అయితేనే. గేర్‌బాక్స్ ఓవర్‌హాల్ అయినవాళ్లు తప్పనిసరిగా వేస్కోవాలి.

స్టాక్డ్ ప్లేట్ సరిగ్గా బిగించాక నేను అదే ఘాట్ మళ్లీ ఎక్కా, ఈసారి లారీ లేదని ఇంకో గంట ఆగి మరీ ఒక లారీ వెనక పడ్డా, లెక్క సరిపోవాలి కదా. పైకెళ్లేసరికి 101. చదునులో 82, 84 మధ్య. ఇంజిన్ ముల్లు మాత్రం చివరి మూడు మలుపుల్లో సన్నగా పైకి కదిలింది, అందుకే ఇప్పుడు ఆ మలుపుల్లో ఏసీ ఆపేస్తున్నా. ఆ రాత్రి ఆపినచోట బండి ముందు భాగం కింద పాత అట్టముక్క పరిచి పడుకున్నా, పొద్దున చూస్తే పావలా బిళ్లంత ఎర్ర మరక ఒకటి. కింది హోస్ క్లిప్పు, ఒకసారి వేడెక్కి చల్లబడ్డాక రబ్బరు కుదించుకుని సగం చుట్టు వదులైంది. స్క్రూడ్రైవర్‌తో బిగించా, రెండో రోజు అట్ట పొడిగానే ఉంది. మీరూ మొదటి ట్రిప్పుకి అట్టముక్క, స్క్రూడ్రైవర్, ఒక లీటరు ఆయిల్ బండిలో వేస్కుని బయల్దేరండి.